బీరపువ్వు వేళ

మా విజయవాడ ఫ్లాటు బాల్కనీలో, కుండీలో పెట్టిన బీరపాదు నిన్న సాయంత్రం మొదటి పువ్వు పూసింది. ఆ సన్నటి వాసన తగలగానే కంకిపాడు, అక్కడి రత్నకుమారి మేడమ్ గుర్తొచ్చారు. ఉద్యానశాఖలో నా మొదటి పై అధికారి ఆవిడ. రెండేళ్ళ క్రితం పోయారు.

నేను చేరిన ఏడాదే, తగ్గిపోతున్న తేనెటీగలను కాపాడాలని ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. పురుగుమందు సాయంత్రమే కొట్టాలి, అప్పటికి ఈగలు గూటికి చేరతాయి అని అందులో ఉంది. నేను ఊరూరా తిరిగి మైకులో ఊదరగొట్టాను. అన్ని పంటలకీ అదే మాట. చదువుకున్నవాణ్ణి కదా, ఎవర్నీ అడగాలనిపించలేదు.

మూడు వారాలకి, బీరపందిరి వేసిన వెంకాయమ్మగారు కొంగులో రాలిన పిందెలు పోసుకుని ఆఫీసుకి వచ్చారు.

"మీరు చెప్పినట్టే పొద్దుగూకే వేళ కొట్టానండీ. పిందె నిలబడట్లేదు. ఈ పందిరి మీదే బతుకుతున్నామండీ."

ఎరువు చాలలేదేమోనని నసిగాను. మేడమ్ నన్నూ వెంకాయమ్మగారినీ జీపెక్కించి ఆ పందిరి కిందికి తీసుకెళ్ళారు. ఎండ వాలాక పసుపు పూలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పుప్పొడి మోసి పిందె నిలబెట్టే తేనెటీగలు వచ్చి వాలాయి. సరిగ్గా వాటి భోజనం వేళకి నేను విషం చల్లించానన్నమాట!

"దోస పొద్దున పూస్తుంది, బీర సాయంత్రం పూస్తుంది. ఈవిడకి తెలుసు. నువ్వడిగావా?" అన్నారు మేడమ్.

నేను జవాబు చెప్పేలోపే వెంకాయమ్మగారు అందుకున్నారు. "తెలుసండీ. గవర్నమెంటోళ్ళు చెప్పారు గదా, మనకేం తెలుసులే అనుకున్నానండీ."

సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు రైతుల మీటింగులో మేడమ్ మైకు పట్టుకుని, "తప్పు మాదండీ. బీరకి మందు తప్పదనుకుంటే, పువ్వు ముడుచుకున్నాక పగలు కొట్టుకోండి" అన్నారు. ఇక మా మాట ఎవరూ వినరని భయపడ్డాను. తీరా చూస్తే, ఆ రోజు నుంచే వినడం మొదలుపెట్టారు. పై ఆఫీసుకి రాసి ఉత్తర్వు మార్పించేదాకా మేడమ్ ఊరుకోలేదు. వెంకాయమ్మగారికి మిగిలిన కాపు దక్కింది.

ఇప్పుడు అలాంటి కాగితాలు నేనే రాస్తున్నాను. సంతకం పెట్టేముందు రైతుకి చదివి వినిపించడం నాకు అలవాటు. మొన్న వెంకాయమ్మగారికి ఫోన్లో చదువుతుంటే సగంలోనే ఆపారు.

"ఆగండి బాబుగారూ, సొర సంగతి రాశారా? అదీ సాయంత్రమే పూస్తదండీ."

రాయలేదు. ఆ పేరా కొట్టేసి, ఆవిడ చెబుతుంటే మళ్ళీ రాసుకున్నాను.