ఉడికించిన నాచు

అన్నం వండే చేతిది ఏ కులమో పొయ్యిలో మంటకు తెలుస్తుందా? జవాబు చెప్పేముందు ఈ సంగతి వినండి.

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లు హుజూర్‌నగర్ దిక్కు ఒక ఊరి బడిలో సైన్సు చెప్పాను. బడి వంటకు గోబర్ గ్యాస్ ఉండేది. ట్రాక్టర్లు పెరిగి పశువులు తగ్గాయి, పేడ చాలడం లేదు. పొలాల్లో చల్లిన ఎరువంతా దిగి చెరువు నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారాయి. ఆ సన్నని నాచును గుడ్డతో వడగట్టి పేడలో కలుపుదామన్నది నేనే. కలిపాం. గ్యాస్ పెరగలేదు.

అప్పుడే దళితవాడ నుంచి ఒక ఒంటరి ఆడమనిషి వంటకు కుదిరింది. ఊరికి కారణం దొరికింది.

"గామె చెయ్యి వడ్డది, మంట సచ్చింది. రేపటి సంది రావొద్దని చెప్పు సారూ" అన్నాడు బడి కమిటీ పెద్ద.

ఆ పని పోతే ఆమెకు ఇల్లు గడవదు. ఆ వాడ నుంచి బడి వంటింటి గడప దాటిన తొలి మనిషి కూడా ఆమే.

నేను రెండు సీసాలు తెచ్చాను. రెండింట్లోనూ గ్యాస్ గుంతలోని పేడనీళ్లు సమంగా పోయించాను. ఒకదాంట్లో పచ్చి నాచు, రెండోదాంట్లో డేగిస గిన్నెలో ఉడికించి చల్లార్చిన నాచు. రెండూ కలిపింది ఆమె చేతులే, అందరి ముందూ. సీసాల మూతులకు బుగ్గలు, అంటే రబ్బరు బెలూన్లు, కట్టాను. నాచు కణానికి గట్టి పొర ఉంటుంది. పచ్చిగా వేస్తే పేడలోని సూక్ష్మజీవులకు అది సరిగా లొంగదు. ఉడికితే పగులుతుంది. కొన్నాళ్లకు పచ్చి నాచు సీసా మీద బుగ్గ వాలిపోయే ఉంది, ఉడికించినదాని మీద నిండుగా నిలబడింది.

"చెయ్యి ఒక్కటే గదా పటేలా! మరి బుగ్గలెందుకు రెండు తీర్లున్నయి?" అని ఆమె నవ్వింది.

కమిటీ పెద్దమనిషి సీసాల చుట్టూ తిరిగి చూశాడు. "నిప్పుల వడ్డంక మైల కాలిపోయింది సారూ. మా పెద్దలు జెప్పింది గిదే గద!"

కమిటీ తీర్మానించింది. నాచు ఆమే ఉడికించాలి, బడి గోడ అవతల. వంటకు వేరే మనిషి.

మంట నీలంగా, నిండుగా వచ్చింది. దాని మీద ఇంకొకరు అన్నం వండారు. ఆమె పత్తికట్టె పొగలో దగ్గుతూ డేగిస కలిపింది.

"నా చేతులు గూడ గీ డేగిసల ఉడకవెట్టుకుంటె లోపలికి రానిస్తరా సారూ?" అని అడిగింది.

నాకు బదిలీ అయింది. ఆమె ఇప్పటికీ గోడ అవతలే ఉంది.

రేపు మధ్యాహ్నం మీ ఊరి బడికి పోండి. వంటింట్లో ఎవరున్నారో, గోడ అవతల ఎవరున్నారో చూడండి. అవతల ఉన్నామెను లోపలికి పిలిపించి, ఆమె వండి వడ్డించిన అన్నం అందరి ముందూ కూర్చుని తినండి.