పదకొండు లైన్ల అభ్యంతరం

1968. విజయనగరంలో ఓ చిన్న ప్రెస్సులో నేను కంపోజిటర్ని. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, స్టిక్ అనే ఇనప పట్టీలో లైన్లుగా పేర్చడం నా పని. మా ఓనరు ఒక మాసపత్రిక కూడా నడిపేవాడు. చంద్రుడి మీదికి మనిషి వెళ్తాడట అని అందరూ చెప్పుకుంటున్న రోజులు కాబట్టి రాకెట్ కథలంటే ఆయనకి మహా మోజు. కాకపోతే కథలో జట్టంతా ఒక్క మాట మీద ఉండాలి, కీచులాడుకుంటే పాఠకుడు పారిపోతాడు అనేవాడు. నేనూ అదే నిజమనుకున్నాను.

గజపతినగరం నుంచి సత్యం మాస్టారని ఒక సైన్సు టీచరు మాకు సీరియల్ రాసేవారు. చంద్రుడి మీద దిగిన నలుగురు ఒక లోయ దాటాలి. పైనుంచి ఉల్కలు రాలుతున్నాయి. ముగ్గురు ఇప్పుడే దాటేద్దామంటారు. రేడియో పని చూసే రఘు ఒక్కడే వద్దంటాడు, ఎందుకు వద్దో విడమరిచి చెబుతాడు. ఎవరూ వినరు. చివరికి "నేనూ వస్తాను" అని వాళ్ళతో బయల్దేరి, దారిలో చనిపోతాడు.

ఆ నెల ఫారం బిగించే వేళకి మేటరు పదకొండు లైన్లు ఎక్కువైంది. ఫారమంటే పేజీలన్నీ కలిపి మిషను మీదికి ఎక్కించే ఇనప చట్రం. ఒక్క లైను మిగిలినా అది బిగియదు. ఓనరు ఊళ్ళో లేడు. మా ప్రెస్సులో ఆనవాయితీ ఏమిటంటే, చోటు చాలకపోతే వాదనలు తీసెయ్యడం, జరిగేది ఉంచడం. రఘు అభ్యంతరం సరిగ్గా పదకొండు లైన్లుంది. తీసేశాను. "నేనూ వస్తాను" మాత్రం మిగిలింది. కొలత అంత బాగా కుదిరినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పత్రిక వెళ్ళిన వారానికి మాస్టారు ప్రెస్సుకి వచ్చారు.

"రఘు మాటలేవి, అప్పారావూ?"

"చోటు చాల్లేదు మాస్టారూ. కథకేం లోటు రాలేదు కదా?"

ఆయన స్టూలు మీద కూలబడ్డారు. "రఘు అంటే నా తమ్ముడయ్యా" అన్నారు.

తమ్ముడు మశూచి టీకాలు వేసే జట్టులో పనిచేసేవాడట. నాగావళి పొంగి ఉన్న రోజు ముగ్గురు దాటుదామన్నారు, అతనొక్కడు మర్నాటిదాకా ఆగుదామన్నాడు. పడవ తిరగబడింది. ముగ్గురూ ఒడ్డుకి చేరారు, అతను చేరలేదు. తొందరపెట్టింది అతనేనని బతికినవాళ్ళు చెప్పారు. పడవవాడొక్కడే మాస్టారికి నిజం చెప్పాడు.

"నేనెంత సెప్పినా, అన్నని కాబట్టి ఎనకేసుకొస్తన్నానంటారు. అచ్చులోనైనా ఆడి మాట ఉండాలనుకున్నాను. తమ్ముడి కథేనని సెప్పి మా అమ్మకి సదివి వినిపించాను. ఆ సోటుకొచ్చేసరికి ఒద్దన్న మాటలే లేవు, 'నేనూ వస్తాను' ఒక్కటే ఉన్నాది. 'సూసావా, ఇక్కడా ఎగేసుకుని ఎళ్ళిపోనాడు' అన్నాది."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మర్నెల 'సవరణ' అని పైన పెట్టి ఆ పదకొండు లైన్లూ వేశాను. ఓనరు కేకలేశాడు. పడ్డాను. మొదటి కాపీ నేనే బస్సులో గజపతినగరం పట్టుకెళ్ళాను.

మాస్టారు చదువుతుంటే వాళ్ళమ్మ చేతిలోని చేట పక్కన పెట్టి విన్నది. అయ్యాక నా వైపు తిరిగింది.

"అయితే నా కొడుకు ఒద్దనే అన్నాడా బాబూ?"

"అవునమ్మా."

"ఒద్దన్నోడు మరెందుకెక్కినాడు?"

మాస్టారే తల వంచుకుని చెప్పారు.

"టీకా మందు ఫ్లాస్కు ఆడి సేతిలో ఉన్నాదమ్మా. ఆడు ఎళ్ళకపోతే అవతలోళ్ళకి టీకాలెవరేస్తారు?"

ఆవిడ గొంతెత్తి ఏడ్చింది. తోటివాళ్ళని ముంచబోయాడన్న మాటకి సిగ్గుపడి, ఏడాదిగా కొడుకు కోసం ఆవిడ పైకి ఏడవలేదని మాస్టారు నన్ను బస్సెక్కిస్తూ చెప్పారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పనిలో ఉన్నాను. చోటు చాలనప్పుడల్లా సరే అన్నవాళ్ళ మాటలు తగ్గించాను గాని, వద్దన్నవాడి మాట ముట్టుకోలేదు. ఆవేళ నాకు కావలసింది కాగితం మీద నాలుగు వేళ్ళ చోటు. అందుకోసం ఒక తల్లి ఏడుపుని ఇంకో నెల ఆపాను.