పసుపు సంచిలో వేసిన సీడీ

జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మా వీధిలో ఒకింటి ముందు, 'తీసుకెళ్లండి' అని రాసిన అట్టపెట్టెలో ఆ సీడీ కనిపించి నా మీద నాకే ఒళ్లు మండింది. అది సోల్ సంగీతం పాడే ఒక గాయని మొదటి ఆల్బమ్. నా ఎనిమిదో ఏట అమ్మ రోజూ అది పెట్టుకుని ఏడ్చేది. ఏడిపిస్తున్నది ఆ గాయనేననుకుని, సీడీని ప్లాస్టిక్ చెత్త వేసే పసుపు సంచిలో పడేశాను. ఏం లాభం? ఆల్బమ్ పెద్ద హిట్టయింది. బేకరీలో, బస్సులో ఎక్కడ విన్నా ఆ గొంతే. ఒకరోజు సూపర్‌మార్కెట్‌లో ఆ పాట రాగానే అమ్మ ట్రాలీ ఆపేసింది.

"కొమ్, రా అమ్మా, పోదాం," అని చెయ్యి లాగాను.

"ఆగు బిడ్డా, ఈ ఒక్క పాట అయిపోనీ. ఇంట్ల సీడీ యాడ పడ్డదో, దొరుకుతలేదు."

పాల డబ్బాల ముందు, అందరూ చూస్తుండగానే ఏడ్చింది. ఇంట్లో తలుపేసుకుని ఏడ్చుకునే వీలు లేకుండా చేసింది నేనే.