విశ్వాసమ్మ ఆపిన వాన

బేతంచెర్ల స్టేషను దాటి నాపరాళ్ల గనులకు పోయే దారిలో క్రైస్తవుల వీధి ఒకటుండేది. విశ్వాసమ్మ కాపురం ఆ వీధి చివరి ఇంట్లో. ఆమె వయసు ముప్పై రెండో, ముప్పై నాలుగో. పుట్టిన తేదీ రాసిన చర్చి పుస్తకాన్ని చెదలు తిన్నాయి గనుక ఆ సంగతి ఎవరూ తేల్చలేకపోయారు. నలుగురు పిల్లలు, ఒక అత్త, రెండు మేకలు, ఒక మొగుడు. ఇంతమందినీ ఆమె సాకాలి. అందులో చెప్పిన మాట వినేవి మేకలే.

మొగుడి పేరు ఏసేపు. వారానికి ఆరు దినాలు గనిలో రాయి చీల్చేవాడు, ఏడో దినం చర్చిలో కీర్తన ఎత్తుకునేవాడు. గొంతు బాగుండేది. బాగుందని అతనికీ తెలుసు, చిక్కంతా అక్కడే. అత్త గిడ్డమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని వీధిలో ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరి కోడలు ఎవరితో నవ్వింది అన్నీ లోపలికి చేరవేస్తుండేది. ఆమె కళ్లకు పొరలు కమ్మాయని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు గానీ, ఆ పొరలు ఆమె పనికి ఎన్నడూ అడ్డం రాలేదు.

ఇది 1935లో, రోహిణి కార్తె ఆఖరున జరిగిన సంగతి.

ఎండాకాలం చివర ఇంటి ఆడదాని మీద వచ్చి పడే పని ఇంతా అంతా కాదు. చింతకాయలు కొట్టి, గింజ తీసి, కుండలకెత్తాలి. మిరపకాయలు ఎండబెట్టాలి. పిడకలు, కట్టెలు వాన తగలని చోటికి చేర్చాలి. మిషన్ బడి తెరుస్తారు గనుక ఏసేపు పాత చొక్కా కోసి రెండోవాడు లేవికి చొక్కా కుట్టాలి. లేవి ఎండాకాలమంతా పాడుబడ్డ గనిగుంటలో ఈత కొట్టాడు, వాడి వంటి మీద చొక్కా అనేది నిలిచి రెండు నెలలైంది. పెద్దపిల్ల ఏసుమణి తలలో పేలు. చిన్నవాళ్లిద్దరూ ఒకరినొకరు కొరుక్కోకుండా చూడాలి. నీళ్ల బావి అడుగంటి, బిందె నిండాలంటే చెంబుతో తోడుకుంటూ కూర్చోవాలి.

వీటన్నిటి మీద మిద్దె ఉండనే ఉంది.

ఆ పక్కల మట్టిమిద్దెలకు ఏటా వానలకు ముందు చౌడు మట్టి పోయాలి. బెత్తెడు మందాన పరిచి తొక్కితే ఆ మట్టి గట్టిపడి నీటిని కిందికి దిగనివ్వదు. పోయకపోతే ఇల్లు కురుస్తుంది. అంతకు ముందటేడు పోయలేదు. వీధిలో వాన వెలిసినా వీళ్లింట్లో వెలిసేది కాదు. సంగటి కుండలో చుక్కలు, పొయ్యిలో చుక్కలు. గిడ్డమ్మ నెత్తిన చాట పెట్టుకుని కూర్చునే కునుకు తీసేది.

"చౌడు ఎప్పుడు పోస్తావు మణి నాయనా?" అని విశ్వాసమ్మ ఉగాది నాడు అడిగింది. ఈస్టరు కానీలే అన్నాడు. ఈస్టరు అయింది. గనిలో పని ఎక్కువగా ఉందన్నాడు. ఆ పని తగ్గాక నడుము పట్టేసిందన్నాడు. ఆ నడుము నొప్పి చౌడు మాట ఎత్తితే వచ్చేది, కీర్తన ఎత్తితే పోయేది.

అలా ఉండగా వానకోసం ప్రత్యేక ప్రార్థన చేయాలని పాస్టరు శాంతయ్యగారు ప్రకటించారు. పల్లెల్లో పశువులకు నీళ్లు లేవు, దుక్కులు దున్ని ఎదురు చూస్తున్నారు. ఆ ఆదివారం చర్చి నిండిపోయింది. నాపరాళ్ల నేల మీద మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. ఒక్కొక్కరే లేచి ప్రార్థన చేస్తున్నారు. సంఘపెద్ద దాసన్న గద్గద స్వరంతో అడిగాడు. ఆయన అందరికంటే ముందు పొడి దుక్కిలో విత్తనం వేసేసి ఉన్నాడు, ఆ గద్గదం అక్కడినుంచి వచ్చింది. తర్వాత ఏసేపు లేచాడు. కళ్లు మూసుకున్నాడు, చేతులు చాచాడు, గొంతు సవరించుకున్నాడు.

"తండ్రీ! తుంపర్లు వద్దు తండ్రీ! నోవహు కాలంలో జలప్రళయం పంపినట్టు పంపు తండ్రీ!"

విశ్వాసమ్మ తెల్లవారుజామున లేచి బావి దగ్గర గంటసేపు కూర్చుని, సంగటి కెలికి, నలుగురి తలలూ దువ్వి, అప్పుడే వచ్చి గోడకానుకుంది. అప్పటిదాకా కళ్లు మూసుకునే ఉంది, అది భక్తో నిద్రో చెప్పలేం. నోవహు మాట వినేసరికి కళ్లు తెరిచింది. పోయినేటి కుండలు, చాటలు, చిప్పలు అన్నీ వరసగా కనపడ్డాయి. ఏసేపు కూర్చోకముందే ఆమె లేచి నిలబడింది.

"దేవా, మా ఆయప్ప మాట ఇనొద్దు. నువ్వు ఒగ నాలుగు దినాలు ఆగు. మిద్దె మింద ఇంగా చౌడు పోసుకోలేదు. నోవహు ముందు ఓడ కట్టినాడు, ఆమీటే గదా నువ్వు వాన పంపించినావు? మా నోవహు ఇంగా గడ్డపార కూడా పట్టలేదు. ఆమెన్."

చర్చిలో మగవాళ్ల తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. తర్వాత ఆడవాళ్ల పక్కనుంచి ఒక ఆమెన్ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. మొత్తం ఏడెనిమిది వచ్చాయి. వాళ్ల మిద్దెల మీదా చౌడు లేదు. శాంతయ్యగారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది, రుమాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు. ఆయన భుజాలు కదిలిన తీరు దగ్గులా లేదని ముందు వరసలో కూర్చున్నవాళ్లు తర్వాత చెప్పారు.

బయటికి రాగానే దాసన్న పట్టుకున్నాడు. "ఏమ్మా! ఊరంతా వాన రమ్మంటాంటే నువ్వు వద్దంటావా?"

"వద్దనలేదన్నా. నాలుగు దినాలు ఆగమన్యా, అంతే."

ఇంట్లో ఏసేపు అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "సంగం ముందర నన్ను నోవహును చేసినావు గదే."

"నువ్వు నోవహువు అయింటే ఈపాటికి ఓడలో కూచోని ఉందుము," అంది విశ్వాసమ్మ.

వాకిట్లోంచి గిడ్డమ్మ గొంతు వచ్చింది. "మొగుణ్ణి నలుగురిలో అనేది తప్పే విశ్వాసమ్మా." కోడలు నోరు తెరిచేలోగా, "పోయినేడు నాకు వచ్చిన పడిశం సంకురాత్రి దాకా పోలేదురా ఏసేపూ. లేసి గడ్డపార పట్టు," అని కూడా అంది.

ఏసేపు లేవలేదు. సోమవారం పొద్దున్నే విశ్వాసమ్మే గడ్డపార భుజాన వేసుకుని వంక దగ్గరి చౌడు నేలకు బయలుదేరింది. దారిలో బషీరాబీ ఎదురైంది. ఆమె మొగుడు నబీ సాహెబ్ గని నుంచి స్టేషనుకు బండి మీద రాళ్లు తోలేవాడు. చర్చిలో జరిగిన ముచ్చట పక్కవీధికి ఆదివారం మధ్యాన్నానికే చేరింది.

"ఏం విశ్వాసమ్మా, నాలుగు దినాలు గడువు అడిగినావంట? మా మిద్దె కూడా అట్లే ఉండాది. మావోళ్లు శుక్కురారం వానకోసం నమాజు పెట్టుకున్న్యారు. చెప్పి ఆపించాల్నా?"

"మీ పక్క నువ్వు చూసుకో, మా పక్క నేను చూసుకుంటాండా. బండి యాడుండాది?"

బండి వచ్చింది. ఆమెన్ అన్న ఆడవాళ్లూ గంపలతో వచ్చారు. తవ్వేవాళ్లు తవ్వారు, మోసేవాళ్లు మోశారు. రెండోరోజు మధ్యాన్నానికి ఏసేపు కూడా వచ్చాడు. తన ఇంటి మీద ఎనిమిదిమంది ఆడవాళ్లు తిరుగుతుంటే తను గోడకు ఆనుకుని కూర్చోవడం అతనికే బాగాలేకపోయింది. గడ్డపార పట్టాడు, నడుము గురించి ఏమీ అనలేదు. గురువారం సాయంత్రానికి ఆమెన్ అన్నవాళ్లవీ, బషీరాబీదీ కలిపి తొమ్మిది మిద్దెలూ పూర్తయ్యాయి. విశ్వాసమ్మ మిద్దె ఎక్కి అటూ ఇటూ నడిచి, ఆకాశం వైపు చూసి, "ఇంగ రా," అంది.

వాన రాలేదు.

శుక్రవారం మసీదులో నమాజు జరిగింది, రాలేదు. పైవీధిలో కప్పను కావడికి కట్టి ఊరేగించి ఇంటింటా నీళ్లు పోయించారు, రాలేదు. మృగశిర వచ్చేసింది. సాయంత్రాలు మబ్బు లేచేది, నల్లగా కమ్మేది, ఊరి మీదుగా నంద్యాల వైపు పోయేది. వారం గడిచింది, పది దినాలు గడిచాయి. బావి దగ్గర విశ్వాసమ్మ వస్తే మాటలు ఆగిపోవడం మొదలైంది. ఒక ముసలమ్మ ఆమెను చూసి కొంగు సర్దుకుని పక్కకు జరిగింది కూడా.

పన్నెండో దినం పొద్దున దాసన్న, శాంతయ్యగారు, ఇంకో నలుగురు పెద్దలు ఆమె వాకిట్లోకి వచ్చారు. ఆమె చింతకాయలు కొడుతూ ఉంది. గిడ్డమ్మ మంచం మీద సర్దుకుని కూర్చుంది, ఒక్క ముక్క కూడా పోకుండా.

"విశ్వాసమ్మా," అన్నాడు దాసన్న, మాట కూడదీసుకుని, "నువ్వు చేసిన ఆ ప్రార్థన... దాన్ని నువ్వే ఎనక్కి తీసుకోవాల."

విశ్వాసమ్మకు మొదట నవ్వు వచ్చింది. గట్టిగానే నవ్వింది. వాళ్లెవరూ నవ్వలేదు. అప్పుడు ఆమెకు నవ్వు పోయి, పాత సంగతొకటి గుర్తుకొచ్చింది.

లేవి తర్వాత ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. రెండేళ్లు బతికింది. జ్వరం వచ్చిన తొమ్మిది దినాలూ విశ్వాసమ్మ మోకాళ్ల మీదే ఉంది. అడగాల్సిన మాటలన్నీ అడిగింది. పిల్ల పోయింది. అప్పుడు వినని వాడు ఇప్పుడు మట్టి సంగతి విన్నాడంటున్నారు ఈ పెద్దమనుషులు. అదే నిజమైతే ఆ దేవుణ్ణి నిలదీసి అడగాల్సింది చాలా ఉంది ఆమెకు. చేతిలోని కొయ్య పక్కన పెట్టింది. శాంతయ్యగారికి ఆ పిల్ల సంగతి తెలుసు, సమాధి దగ్గర ప్రార్థన చేసింది ఆయనే. ఆయన నేల చూపులు చూశారు.

"అయ్యగారూ, మీరు చెప్పండి. నా మాటకు వాన ఆగిందంటారా?"

"లేదమ్మా," అన్నారాయన మెల్లగా. "కానీ వీళ్లు ఆగిందనుకుంటాండారు. నిన్ను బావి కాడ ఒక మాట అనేదాకా పోతాది ఇది. అందుకే నేనూ వచ్చినా."

ఆ నిజాయితీ ఆమెకు నచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని దాసన్న వైపు తిరిగింది.

"సరే అన్నా, తీసుకుంటా. కానీ చర్చి మిద్దె మింద చౌడు పోసి మూడేండ్లు అయింది. కాళ్లు లేని తిమ్మయ్య తాత ఇంటి మింద అసలే లేదు. ఆ రెండూ అయ్యేదాకా వాన పంపమని నేనెట్ల అడిగేది? తాత కొట్టుకుపోతాడు."

"మనుషుల్ని చూస్తాలే..."

"మనుషులు ఈడనే ఉండారు గదన్నా, ఆరుమంది," అని గంపలు చూపించింది.

సంఘపెద్ద దాసన్న నెత్తిన చౌడు గంప పెట్టుకుని వీధిలో నడవడం ఆ రోజు బేతంచెర్ల మొత్తం చూసింది. స్టేషను నుంచి కూడా కొందరు వచ్చి చూశారు. శాంతయ్యగారు పంచె ఎగ్గట్టి తిమ్మయ్య మిద్దె మీద చౌడు తొక్కారు. మిద్దె కింద మంచంలోంచి ముసలాయన, "మెల్లగా తొక్కండి అయ్యగారూ, దూలం పాతది," అని అరుస్తూనే ఉన్నాడు. ఎట్లా తొక్కాలో అందరికీ నేర్పింది ఏసేపు. ఆ పని తను జన్మజన్మలుగా చేస్తున్నట్టే నేర్పాడు. విశ్వాసమ్మ వింటూ ఇంకో గంప అందించింది.

ఆదివారం చర్చిలో అందరూ ఆమె వైపే చూశారు. ఆమె లేచింది. ఏం అడగాలో ముందే అనుకుని వచ్చింది గానీ, నిలబడ్డాక ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"దేవా, మా పని అయిపోయింది. ఇంగ నీ ఇష్టం," అని కూర్చుంది.

వాన మంగళవారం మధ్యాన్నం వచ్చింది. ఆదివారం అడిగితే మంగళవారం రావడమేమిటని ఆ తర్వాత చాలాకాలం వాదులాడుకున్నారు. పిడకలు సగం బయటే ఉన్నాయి. విశ్వాసమ్మ, ఏసుమణి, లేవి గంపలతో పరుగులు తీశారు. చిన్నవాళ్లిద్దరూ గుడ్డలు విప్పేసి వీధిలో గెంతారు. గిడ్డమ్మ ఎవరిళ్ల ముందు నీళ్లు నిలిచాయో అడిగి తెలుసుకుంది. మిద్దె కురవలేదు. ఒక్క మూల మాత్రం సన్నగా కారింది. ఆ మూల తొక్కింది నువ్వంటే నువ్వని మొగుడూ పెళ్లామూ కాసేపు పోట్లాడుకుని, కింద గిన్నె పెట్టారు.

తర్వాత ఆమెకు కొత్త తలనొప్పి వచ్చి పడింది. కోడలికి బిడ్డ నిలవాలని ఒకరు, తప్పిపోయిన ఎద్దు దొరకాలని ఒకరు, ప్రార్థన చేయమని వచ్చేవారు. "నాకేం తెలీదు, పోండి," అని కసిరేది. బిడ్డ జబ్బుగా ఉందని వచ్చినవాళ్లను మాత్రం కసిరేది కాదు. వాళ్లింటికి పోయి, నీళ్లు కాచి, పక్కన కూర్చునేది.

వాన వెలిసిన మూడోరోజు వాళ్లు తమ ఎకరా చేనిలో కొర్ర విత్తారు. ముందు ఏసేపు నబీ సాహెబ్ దగ్గర అడిగి తెచ్చిన ఎద్దుల్ని తోలుతుంటే, గొర్రు వెంట నడుస్తూ విశ్వాసమ్మ పిడికిటిలోంచి విత్తనం వదులుతోంది. పక్కన ఏసుమణి ఒడిలో గింజలు మోస్తూ నడుస్తోంది.

"అమ్మా, నీ మాట దేవుడు నిజంగానే ఇన్యాడా?"

విశ్వాసమ్మ నాలుగడుగులు నడిచింది.

"ఏమో మే. కనపడితే అడుగుతా," అంది. "ఒడి సరిగ్గా పట్టుకో, గింజలు కారిపోతాండాయి."