పళ్లెం నిండా ఒకటే రకం

1968లో నేను చచ్చిన మడి బతికే ఉందని ఒక రైతుని నమ్మించాను. నరసన్నపేటలో బెల్లం, మినుముల కొట్టు మీద పెరిగినవాణ్ణి, ఆమాత్రం చేతకాదా?

అప్పుడు శ్రీకాకుళంలో మట్టి పరీక్షలు చేసే చోట ల్యాబ్ అసిస్టెంటుని. చీపురుపల్లి వైపు నుంచి అప్పలస్వామి అనే రైతు తువ్వాలులో మట్టి మూటగట్టుకుని వచ్చాడు. మాంగనీసు గని తుక్కు వానలకి కొట్టుకొచ్చి అతని మడిలో నల్లగా పేరుకుంది. తుక్కు పోసుకోవడానికి ఆ మడినే అడుగుతున్నాడు గని కాంట్రాక్టరు. ఇచ్చెయ్యాలా, ఎప్పట్లా వరి కోతకు ముందు ఆ తడిలోనే మినుములు చల్లాలా? విత్తనాలు చూస్తే ఇంట్లో ఉన్నవే, మళ్లీ తెచ్చే దారి లేదు.

మట్టి కలిపిన నీటిని అగార్ మీద పూశాను. అగార్ అంటే గాజు పళ్లెంలో గడ్డకట్టిన జిగురు, బాక్టీరియాకి మేత. కొన్నాళ్లకి పళ్లెం నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక కాలనీ, ఒక బాక్టీరియా సంతానం. కొట్టు నిండా జనాన్ని చూసిన మా నాన్నలా పొంగిపోయాను.

"మన్ను బతికే ఉన్నాది మావా, సల్లుకో" అన్నాను, ఫలితం కోసం మళ్లీ వచ్చిన అప్పలస్వామితో.

"మీ మాటే మాట బావూ. మడివ్వనని ఆడికి సెప్పెస్తాను."

అతను వెళ్లాక, పళ్లెం కడగబోతూ ఆగాను. మంచి మట్టిలో పసుపు, తెలుపు, గులాబీ, రకరకాల చుక్కలు మొలుస్తాయి. ఇక్కడ అన్నీ ఒకటే రంగు. కొట్టు నిండా జనమే, అందరూ ఒకే ఇంటివాళ్లు. లోహాన్ని తట్టుకున్న రకం, చచ్చినవాటి చోటు కూడా ఆక్రమించింది. మినుము వేళ్లకు బుడిపెలు కట్టి నత్రజని అందించే రైజోబియం అనే బాక్టీరియా చచ్చినవాటిలో ఉంటే?

మర్నాడే బస్సెక్కాను. అప్పటికే చల్లేశాడు. కాంట్రాక్టరు పక్కవాళ్ల మడి మాట్లాడుకున్నాడు.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఆ గట్టు మీదే ఉన్నాను. మొక్కలు మొలిచినప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఆకులు పసుపురంగుకి తిరిగాక అన్నం సయించలేదు. అప్పలస్వామి ఒక మొక్క పీకి వేళ్లు దులిపాడు.

"బుడిపెలు నేవేటి బావూ?"

అతని భార్య సన్నెమ్మ నా వైపు తిరిగింది. "కాంట్రాక్టరే నయం. మడొక్కటే అడిగినాడు. నువ్వు ఇత్తనాలు కూడా అట్టుకుపోనావు."

మాంగనీసు వేళ్లనే దెబ్బతీసిందో, బుడిపె కట్టే బాక్టీరియానో, రెండింటినీనో, ఇప్పటికీ చెప్పలేను. చుక్కలు లెక్కపెట్టే ముందు రకాలు చూడడం మాత్రం అప్పుడు పట్టుబడింది.

ఇక బిల్లు. తుక్కు చేరని ఎగువ మూలలో కాసిన మినుములు మళ్లీ విత్తడానికి సగమైనా రాలేదు. తక్కువపడ్డవి మా కొట్టు నుంచి మోసుకెళ్లాను. సన్నెమ్మ కొలిచి మరీ తీసుకుంది. విత్తనాల బాకీ తీరింది. పోయిన పంట, జారిపోయిన బేరం, ఇంకా నల్లగానే ఉన్న మడి, ఇవి నా పేరు మీదే ఉన్నాయి.