బావ గీసిన రెండు వందల పన్నెండు గళ్ళు

మా బావ పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఎక్కడైనా బండ్లు వరసగా నిలబెట్టి కనిపిస్తే నా కళ్ళు ముందు హ్యాండిళ్ళ మీదికే పోతాయి. ఒకదాని హ్యాండిల్ పక్కదాన్ని పొడుస్తోందేమోనని చూస్తాను. ఈ జబ్బు ఆయన అంటించి పోయిందే.

బావంటే మా అక్క భర్త. ఒక కాలేజీలో బండ్ల స్టాండు చూసుకునేవాడు. నేనూ ఆ కాలేజీలోనే చదివాను. ఆ మూడేళ్ళూ వాళ్ళింట్లోనే ఉన్నాను. రెండు గదులూ ఒక వంటగదీ. ముందుగదిలో నా మంచం, నా పుస్తకాలు, బావ మోపెడ్. రాత్రి మంచుకి సీటు పాడవుతుందని రోజూ సాయంత్రం గడప మీద చెక్క వేసి దాన్ని లోపలికి ఎక్కించేవాడు.

"చెల్లెలికి మంచం, బండికి గది, నాకు వంటిల్లు. పంపకాలు బాగానే జరిగాయి" అనేది అక్క.

కాలేజీ గేటు పక్కన ఒక బోర్డు ఉండేది. గేటు దాటాక వెనక సీటు మీద ఎవరూ కూర్చోకూడదు. నడక కంటే వేగంగా పోకూడదు. లైబ్రరీ మలుపు దాటి ఏ బండీ వెళ్ళకూడదు. ఆ బోర్డు ఎవరూ చదివేవారు కాదు. పక్కనే బావ ఉండేవాడు కాబట్టి చదవాల్సిన అవసరం పడేది కాదు.

నా మొదటి రోజు బావే మోపెడ్ మీద తీసుకెళ్ళాడు. సరిగ్గా గేటు దగ్గర ఆపాడు.

"దిగు."

"ఇక్కడెందుకు బావా? క్లాసు ఇంకా బోలెడు దూరం ఉంది!"

"వెనక సీటు మీద మనుషులుండకూడదు. బోర్డు చూడు."

"నేను మనిషినా, మరదల్ని కదా!"

"మరదలైతే ఇంకా ముందే దిగాలి."

"ఉండు, అక్కకి చెప్తా."

"చెప్పుకో. మీ అక్కొచ్చినా ఇక్కడే దింపుతా."

కోపంగా "బావా!" అని నేను అరిచిన అరుపు గేటు దగ్గర అందరికీ వినపడింది. వారం తిరిగేసరికి మా క్లాసంతా ఆయన్ని బావా అని పిలవడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి కాలేజీ అంతా. లెక్కల మేడం కూడా, "బావగారూ, నా స్కూటర్ కాస్త నీడలో పెట్టించండి" అనేది. ఈ సంగతి విని అక్క బుగ్గ మీద వేలేసుకుంది. "కాలేజీ అంతటికీ బావయితే, నాకు అంతమంది చెల్లెళ్ళు ఎప్పుడు పుట్టారే?"

బావది తాత్కాలిక ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా అంతే. ఏటా సెలవులయ్యాక, ఇంకో ఏడాది ఉండొచ్చని ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చేది. అది వచ్చేదాకా అక్క ఇంట్లోకి కొత్త చీపురు కూడా కొనేది కాదు. పాతదాన్నే విరిగిన పుల్లలు ఏరేసి, బిగించి కట్టుకునేది.

నేను రెండో ఏడాదిలో ఉండగా కాలేజీ కొత్త నిబంధన పెట్టింది. చెట్ల కిందా మెట్ల పక్కనా ఎక్కడ పడితే అక్కడ పెడుతున్న బండ్లన్నీ ఇకమీదట వర్క్‌షాపు వెనక మైదానంలో, గీసిన గళ్ళలోనే పెట్టాలి. అమలు చూడ్డానికి మంగళవారం ముగ్గురి కమిటీ వస్తుంది. ఆఫీసు సూపరింటెండెంటు బావని పిలిచి చెప్పాడు:

"కనీసం రెండొందల బండ్లు పట్టాలయ్యా. బాగుందన్నారా, నీ పర్మనెంటు ఫైలు నేనే చేత్తో పట్టుకెళ్ళి సంతకం చేయిస్తా. గందరగోళం అన్నారా, స్టాండు బయటి కాంట్రాక్టుకి ఇచ్చేస్తారు. అప్పుడొచ్చి నన్నడగొద్దు."

ఆదివారం బావా నేనూ తెల్లరంగు, తాడు, కుంచె తీసుకుని మైదానానికి వెళ్ళాం. గడి వెడల్పెంత? కొలవడానికి కాలేజీలో ఒక్క బండీ లేదు. అందుకని బావ తన మోపెడ్‌నే నిలబెట్టి, హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకి తాడు పట్టి, దానికి నాలుగు వేళ్ళు కలిపి ముడి వేశాడు. ఆ ముడి ప్రకారం మధ్యాహ్నం దాకా గీశాం. మొత్తం రెండు వందల పన్నెండు గళ్ళు.

"రెండొందలడిగారు, పైన పన్నెండు కొసరు!" అని బావ రంగు అంటిన చేతులే నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. కాలేజీకి వచ్చే బండ్లన్నిటిలోకీ చిన్నది ఆ మోపెడ్. అది ఆయనకి తట్టలేదు. తాడు రెండో కొస పట్టుకున్న నాకూ తట్టలేదు.

సోమవారం తొమ్మిదింటికల్లా తట్టింది. మొదటి పది బండ్లూ గడి విడిచి గడిలో బాగానే నిలబడ్డాయి. మధ్య గళ్ళలోకి వచ్చినవి పక్కవాటి అద్దాలు పట్టుకుని వేలాడాయి. ఒక కుర్రాడు రెండు బండ్ల మధ్య ఇరుక్కుని, "బావా, దిగాలంటే కాళ్ళు ఇంటి దగ్గర వదిలేసి రావాలి!" అని కేక పెట్టాడు. అతన్ని బయటికి లాగుతుంటే ఒక బండి ఒరిగింది. దాని మీద ఇంకోటి. అలా ఏడు పడ్డాయి. ఆఖరిది లెక్కల మేడం స్కూటర్.

సూపరింటెండెంటు పరుగెత్తుకొచ్చాడు. "ఈ గళ్ళు దేనికి కొలిచి గీశావయ్యా?"

"నా బండికేనండి."

"అయితే రేపు నీ బండే పెట్టు. రెండొందల పన్నెండు సార్లు!"

చెరిపి వెడల్పుగా గీద్దామా అంటే నూట అరవైకి మించి పట్టవు. అడిగింది రెండొందలు. ఎటూ దారి లేదు.

ఆ సాయంత్రం బావ మోపెడ్‌ని లోపలికి ఎక్కించలేదు. వాకిట్లో వదిలేసి వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. అక్క ఆయన్నీ, తలుపు బయట బండినీ ఒకసారి చూసింది. బీరువా మీది అట్టపెట్టె దింపి, పెళ్ళినాటి నల్లబూట్లు తీసి తుడవడం మొదలుపెట్టింది.

"రేపు ఇవి వేసుకోండి. ఉద్యోగం పోయినా కాళ్ళు బాగుండాలి" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

తుడిచిన బూట్లు అక్క పెట్టెలో పెట్టింది. మూత పడలేదు. ఒకదాన్ని తీసి అటుదిటు తిప్పి పెట్టింది. మూత పడింది.

బావ లేచాడు. "ఆగు. మూత తియ్యి."

"ఏమైందండీ?"

"ఎలా పెట్టావు?"

"ఎలా పెడతారేంటి, ఒకటి ఇటు, ఒకటి అటు. రెండూ ఒకేవైపు పెడితే ముందుభాగాలు పొడుచుకుంటాయి. పెళ్ళయి పదకొండేళ్ళయింది, ఈ పెట్టెలో ఏముందో ఇవాళే చూస్తున్నారా?"

ఆయన అప్పటికే గడప దాటాడు. మోపెడ్ వచ్చింది. వెనకే పక్కింటి ఎలక్ట్రీషియన్ బైకూ, దాన్ని తోస్తూ ఎలక్ట్రీషియనూ వచ్చారు. నా మంచం నిలువుగా గోడకెక్కింది. బావ తాడు తీసి, సుద్దముక్కతో నేల మీద రెండు గళ్ళు గీశాడు. ఒక గడిలో బైకు ముఖం లోపలికి, పక్క గడిలో మోపెడ్ ముఖం బయటికి. దీని హ్యాండిల్ పక్కన దాని తోక వచ్చింది. సన్నటి తోక. ఏదీ దేన్నీ తాకలేదు.

"మరి నేనెక్కడ పడుకోవాలి?" అన్నాను.

"మధ్యలో నాలుగు వేళ్ళు ఖాళీ ఉంది, సర్దుకో" అన్నాడు బావ. ఆ రోజు ఆయన మొదటిసారి నవ్వాడు.

మంగళవారం ఏడింటికే మైదానంలో ఉన్నాం. ప్రతి గడిలోనూ సుద్దతో బాణం వేశాను. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. పిల్లలు సణిగారు. "బావా, నా బండి అలిగి అటు తిరిగింది" అన్నాడొకడు. "బతిమాలి పెట్టు" అన్నాడు బావ. బూట్లు కరుస్తున్నా, ప్రతి గడి దగ్గరికీ వెళ్ళి ఎలా వెనక్కి తోయాలో చూపించాడు. తొమ్మిదీ ముప్పావుకి లెక్కపెడితే రెండు వందల ఏడు బండ్లు.

పదింటికి కమిటీ కారు వచ్చింది. గేటు దాటి తిన్నగా లైబ్రరీ మలుపు వైపు పోయింది. బావ విజిల్ వేశాడు. వదిలెయ్యమని సూపరింటెండెంటు రెండు చేతులూ ఊపుతున్నాడు. బావ వెళ్ళి కారు ముందు నిలబడ్డాడు.

"మలుపు దాటి బండ్లు పోకూడదండి. దిగి నడవాలి."

సూపరింటెండెంటు కళ్ళు మూసుకున్నాడు. ముగ్గురూ దిగారు. నడిచే దారి మైదానం పక్కనుంచే. వాళ్ళలో తెల్లజుట్టు పెద్దావిడ బండ్ల దగ్గర ఆగింది.

"ఇలా తిప్పి పెట్టమని ఎవరు చెప్పారు?"

"మా ఆవిడండి."

"ఏం చేస్తుందావిడ?"

"బూట్లు సర్దుతుందండి."

ఆవిడకి అర్థం కాలేదు. బావ మోపెడ్‌తో కొలిచిన దగ్గర్నుంచి ఏడు బండ్లు పడడం దాకా ఏదీ దాచకుండా చెప్పాడు.

"కొలత గురించి నేను అడగలేదుగా. మీరే ఎందుకు చెప్పారు?"

"చూడ్డానికి బాగుంది కదాని ఇదే కొలతతో ఇంకోచోట గీస్తారేమోనండి. మళ్ళీ ఏడు బండ్లు పడతాయి."

ఆవిడ వరస మధ్యలో ఒక బండి చూపించి తియ్యమంది. బావ ఒక్క ఊపులో బయటికి లాగాడు. పక్క అద్దాలు కదల్లేదు. ఆవిడ నవ్వి, కాగితం మీద ఏదో రాసుకుంది.

రెండు నెలలకి పర్మనెంటు కాగితం వచ్చింది. ఆ సాయంత్రమే అక్క కొత్త చీపురు కొంది. గేటు బోర్డు మీద నాలుగో వాక్యం చేరింది: బండ్లు ఒకటి లోపలికి, ఒకటి బయటికి.

మొన్నామధ్య బావ కాగితాల పని మీద ఆ కాలేజీకి వెళ్ళాను. మైదానానికి సిమెంటు వేశారు. పసుపురంగుతో కొత్త గళ్ళు గీశారు. ఒక్కో దాంట్లో మనిషి చేతులు బారజాపి నిలబడొచ్చు. పాత బోర్డు లేదు. బండ్లు మాత్రం ఒకటి లోపలికి, ఒకటి బయటికి నిలబడి ఉన్నాయి.

స్కూటర్ వెనక్కి తోస్తున్న ఒక అమ్మాయిని అడిగాను. "ఇంత చోటుంది కదమ్మా, ఎందుకీ తిప్పలు?"

"ఇక్కడ అలాగే పెడతామండీ. బావ రూలు."

"ఏ బావ?"

"ఏమోనండీ. మా సీనియర్లు కూడా బావ అనే అనేవాళ్ళు."

నేరుగా అక్క ఇంటికి వెళ్ళి చెప్పాను. ముందుగదిలో మోపెడ్ సీటు తుడుస్తోంది. తడిగుడ్డ పిండి హ్యాండిల్ మీద ఆరేసింది.

"అయితే నాకు చెల్లెళ్ళు ఇంకా పుడుతూనే ఉన్నారన్నమాట" అంది.