మునిరత్నం అన్న కట్టిన భుజం పట్టీ

మొన్న తిరుపతిలో ఒక చెప్పుల దుకాణం ముందు ఆటో కోసం నిలబడి ఉంటే తడిసిన తోలు వాసన, దాని వెనకే రబ్బరు జిగురు ఘాటు ముక్కుకు తగిలాయి. ఆటో వచ్చినా ఎక్కబుద్ధి కాలేదు. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది చెప్పులు కాదు, మునిరత్నం అన్న.

పోలియో సోకిన పిల్లల కాళ్లకు లోహపు పట్టీలు, తోలు బెల్టులు అమర్చే పని ఆయనది. ఆస్పత్రి వెనక సందులో రేకుల షెడ్డు. ఆయన ఎడమ కాలికి కూడా పట్టీ ఉండేది, తనే చేసుకున్నది.

తొంభైల నడుమ నేను ఒక స్టూడియోలో పెళ్లిళ్ల వీడియోలు తీసేదాన్ని. పెళ్లికూతురి గదిలోకి ఆడమనిషి అయితే బాగుంటుందని మా యజమాని పెట్టుకున్నాడు. ఏడాది తిరక్కుండా మండపంలో తీసే పనీ నా చేతికే వచ్చింది. భుజాన మోసే పెద్ద కెమెరా అది. ఒకరోజు చంద్రగిరిలో బస్సు దిగుతూ పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఎముక అతికింది గానీ పట్టు రాలేదు. వరసగా రెండు పెళ్లిళ్లలో బొమ్మ వణికింది. ముందే ఒప్పుకున్న వడమాలపేట పెళ్లి దాకా చూస్తాననీ, ఆ తర్వాత కెమెరా ఇంకొకరికి ఇస్తాననీ యజమాని నెమ్మదిగానే చెప్పాడు. కట్టు విప్పిన ఆస్పత్రిలో ఎవరో మునిరత్నం అన్న దగ్గరికి వెళ్లమన్నారు.

కెమెరాకు ఏదైనా ఊతం చేసిపెట్టమని అడిగాను. ఆయన కెమెరా వైపు చూడనే లేదు. దాన్ని ఎత్తుకుని అలసిపోయేదాకా సందులో నడవమన్నాడు. నడిచాను.

“యాడ ముందు నొస్తాది పాపా?”

చెయ్యి అన్నాను.

“సెయ్యి కాదు. ముందు నడుము వంకర పోతా ఉండాది. సెయ్యి ఆ తరవాత వణుకుతాది.”

భుజం, పక్కటెముకలు, నడుము కొలతలు తన భార్య చేత తీయించాడు. వారం తిరిగేసరికి భుజం నుంచి నడుం బెల్టు దాకా వంచిన అల్యూమినియం పట్టీ, దానికి తోలు మెత్త సిద్ధమయ్యాయి. పక్కింటి వాళ్ల నామకరణంలో వాడి చూశాను. అరగంటకే కెమెరా ముందుకు ఒరిగి, తోలు మెడ దగ్గర ఒరుసుకుంది. బాగలేదని చెప్పడానికి మొహమాటపడుతూనే వెళ్లాను. ఆయన ముఖం మాత్రం వెలిగింది.

“నా దగ్గరికొచ్చే పిల్లోళ్లు నొప్పి యాడో చెప్పలేరు పాపా, ఏడుస్తారు. నువ్వు చెప్పగలవు కదా, చెప్పు.”

ఆ మధ్యాహ్నమంతా నేను చెబుతూ పోయాను, ఆయన విప్పి బిగిస్తూ పోయాడు. నా వీపు వెనకకు ఒక ఇనుప పలక వేలాడదీశాడు. ఉన్న బరువే మోయలేకపోతుంటే మళ్లీ బరువేమిటని అడిగితే, ముందూ వెనకా సమంగా ఉంటే ఒళ్లు మోస్తుందన్నాడు. ఎడమ చేతికి సైకిల్ హ్యాండిల్ పిడి అమర్చాడు. కుడి చెయ్యి ఊరికే ఆనితే చాలు.

వడమాలపేట పెళ్లికి ఎవరూ పిలవకుండానే ఆయన బస్సెక్కి వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. దంపతులు అగ్ని చుట్టూ తిరుగుతుంటే వాళ్ల ముందు వెనక్కి నడుస్తూ, ఎక్కడా ఆపకుండా ఏడడుగులూ తీశాను. బొమ్మ కదలలేదు. ఆ సంగతి టేపు చూడకముందే నా ఒంటికి తెలిసింది. మండపమంతా పెళ్లికూతురిని చూస్తుంటే ఆయన ఒక్కడూ నా నడుమునూ పాదాలనూ చూస్తున్నాడు. భోజనమయ్యాక దగ్గరికొచ్చి, ఎడమ పట్టీ ఒక బెజ్జం బిగించుకోమని చెప్పి బస్సుకు వెళ్లిపోయాడు. మరునాడు యజమాని టేపును రెండుసార్లు తిప్పి చూశాడు. తర్వాతి పెళ్లి చిరునామా నా చేతిలో పెట్టాడు.

కెమెరాలు అరచేతిలో ఇమిడేంత చిన్నవయ్యాక ఆ పట్టీతో పని లేకపోయింది. మునిరత్నం అన్న కూడా ఇప్పుడు లేడు. తర్వాత నేను సొంతంగా పెట్టుకున్న స్టూడియోలో నలుగురు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా తమ వల్ల కావడం లేదని వచ్చి నిలబడితే, ఆ మనిషిని మార్చాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ముందు సామాను మార్చి చూస్తాను.